‘నిల్’ అని రాసే గడి

మా అక్కకు నా ఉద్యోగమేమిటో చెప్పడం ఇన్నేళ్లయినా నా వల్ల కాలేదు. "బ్యాంకా?" అంటుంది. కాదంటాను. "కంప్యూటర్లనా?" అంటుంది. కంప్యూటర్ మీదే గానీ అదీ కాదంటాను. "మరి ఊర్లె అడిగితే ఏం జెప్పాలె తమ్మీ?" అని విసుక్కుని, చివరికి తనే ఒకటి ఖాయం చేసుకుంది: మా తమ్ముడు హైదరాబాద్‌ల లెక్కలు రాస్తడు.

అంతకన్నా దగ్గరగా నేనూ చెప్పలేను. జనం డబ్బు పోగేసి కంపెనీల్లో పెట్టే సంస్థలుంటాయి కదా, పెన్షన్ ఫండ్లు, బీమా కంపెనీలు, మ్యూచువల్ ఫండ్లు. ఆ డబ్బు పెట్టేటప్పుడు లాభం ఒక్కటే చూశారా? ఆ కంపెనీ వాగులోకి ఏం వదులుతోంది, ఎవరి చేత పని చేయిస్తోంది, బోర్డులో ఎవరికి ఎవరు చుట్టాలు అన్నది కూడా చూశారా? చూస్తే ఏం చేశారు? ఇదంతా చూసి పెట్టడాన్ని బాధ్యతాయుత మదుపు అంటారు. చూశామని ఏటా ఒక నివేదిక రాయాలి. నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడ ఎనిమిదో అంతస్తులో కూర్చుని, యూరప్‌లోని క్లయింట్ల తరఫున ఆ నివేదికలకు సమాచారం ఏరిపెట్టేవాళ్లలో నేనొకణ్ణి.

మాది నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ నేల. గద్వాల నుంచి మా ఊరికి ఆటోలో ముప్పావు గంట. ఉద్యోగంలో చేరినప్పుడు ఈ రెంటికీ సంబంధం ఉంటుందని నేననుకోలేదు.

మా పనికి మూలపురాణం 2006 ఏప్రిల్‌లో ఉంది. అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఆరు సూత్రాలు ప్రకటించారు. ప్రిన్సిపుల్స్ ఫర్ రెస్పాన్సిబుల్ ఇన్వెస్ట్‌మెంట్, ఆఫీసు భాషలో పీఆర్‌ఐ. మదుపు నిర్ణయాల్లో పర్యావరణం, సమాజం, యాజమాన్య తీరు మూడూ చూస్తామని, షేర్‌హోల్డర్లుగా ఆ విషయాలు కంపెనీలను అడుగుతామని, వాటి నుంచి సమాచారం కోరతామని, ఇలా సాగుతాయి. ఆరోది మాత్రం వేరే జాతి: మేం చేసింది ఏమిటో మేమే బయటపెడతాం అంటుంది. మిగిలిన ఐదూ దీని మీదే నిలబడ్డాయని నా అభిప్రాయం. నా జీతం కూడా దీని మీదే.

ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద 5,000కు పైగా సంస్థలు ఆ సూత్రాల మీద సంతకం చేసి ఉన్నాయి. సంతకం చేయమని ఎవరూ బలవంతపెట్టరు. చేశాక మాత్రం నివేదిక తప్పదు. కొత్తగా చేరినవాళ్లకు మొదట్లో కొంత వెసులుబాటు ఉంటుంది, అంతే. పేరు రాయించుకుని పని చేయనివాళ్లు ఎక్కువయ్యారని 2018లో కనీస షరతులు పెట్టారు: రాతలో ఒక విధానం ఉండాలి, అది సగానికి మించి ఆస్తులకు వర్తించాలి, దాన్ని చూసుకునే మనుషులుండాలి, పైవాళ్లు బాధ్యత తీసుకోవాలి. రెండేళ్లు గడువిచ్చి, 2020లో ఐదు సంస్థల పేర్లు జాబితాలోంచి కొట్టేశారు. వేలల్లో ఐదు. ఎక్కువో తక్కువో మీరే అనుకోండి.

వేసవి వచ్చిందంటే మా ఫ్లోర్ మీద పరీక్షల వాతావరణం. ప్రశ్నావళి తెరుచుకుంటుంది. మొట్టమొదట సంస్థ పెద్దాయన మాట: బాధ్యతాయుత మదుపు మాకెందుకు ముఖ్యం, ఈ ఏడాది ఏం సాధించాం, వచ్చే రెండేళ్లలో ఏం చేస్తాం. పెద్దాయన గుండెలోంచి రావాల్సిన ఆ మాట చాలాసార్లు ముందు మా టీమ్‌లోంచే వస్తుంది. ఆయన రెండు విశేషణాలు మార్చి పంపుతారు. తర్వాత విధానం, పర్యవేక్షణ, వ్యూహం. ఆ తర్వాత షేర్లకు వేరే, బాండ్లకు వేరే, భవనాలకు వేరే భాగాలు. చివర్లో, ఈ రాసిందంతా ఎవరు సరిచూశారు అని ఒక భాగం: లోపలి ఆడిటరా, బయటివాళ్లా, బోర్డా?

నెలల తర్వాత మార్కులొస్తాయి. 2020 దాకా ఏ ప్లస్ నుంచి ఇ దాకా అక్షరాలు, ఆ తర్వాత ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు. ఇక్కడో కిటుకు ఉంది, మామూలు పాఠకులు తెలుసుకోవాల్సింది. ఏ ప్రశ్నకు ఏం జవాబిచ్చారన్నది పీఆర్‌ఐ బయట పెడుతుంది, ఎవరైనా చదువుకోవచ్చు. మార్కులు మాత్రం ఆ సంస్థకే వెళ్తాయి, చూపించుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. కాబట్టి ఐదు నక్షత్రాలు రంగుల బ్రోచర్ మీదికి ఎక్కుతాయి. రెండు నక్షత్రాలు సొరుగులో నిద్రపోతాయి. ఎవరైనా ఒక భాగంలో వచ్చిన నక్షత్రాలే చూపించి మురుస్తుంటే, మిగతా భాగాల సంగతేమిటని అడగండి.

మార్కులు వేసేవాళ్లూ తడబడతారు. 2021లో ప్రశ్నావళి కొత్తగా రాశారు. గందరగోళమైంది. ఫలితాలు 2022 సెప్టెంబరుకు గానీ రాలేదు, 2022లో అసలు నివేదికలే తీసుకోలేదు. ఆ ఏడాది మాకు వేసవి సెలవులు దొరికాయి. నేను మా ఊళ్లో మామిడికాయ పచ్చడికి కాయలు కోశాను.

ప్రశ్నావళి మీద నా ఫిర్యాదు వేరే. అది ఎక్కువగా పద్ధతి గురించే అడుగుతుంది. విధానం ఉందా, ఉంది. కమిటీ ఉందా, ఉంది. కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఇన్నిసార్లు. వంటింట్లో ఎన్ని గిన్నెలున్నాయో, గరిటెలు ఎంత తళతళలాడుతున్నాయో పేజీలకు పేజీలు రాయొచ్చు. ఇంట్లో పిల్లలు తిన్నారా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నా ఉంది, లేదనను. దాని జవాబు పెట్టెలో మాత్రం అందరికీ మాటలు కరువు.

‘ఎంగేజ్‌మెంట్’ అనే మాట తీసుకోండి. మదుపరి కంపెనీ వాళ్లతో కూర్చుని, ఫలానా విషయం మార్చుకోండి అని అడగడం. నివేదికల్లో ఇది అంకెగా వస్తుంది: ఈ ఏడాది ఇన్ని వందల కంపెనీలతో ఎంగేజ్ అయ్యాం. ఒకసారి ఒక క్లయింట్ జాబితా సరిచూస్తుంటే ముప్పావు వంతు వరసలకు ఎదురుగా ఒకటే తేదీ కనిపించింది. విచారిస్తే తేలింది, ఆ రోజు ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి అందరికీ ఈమెయిల్ చేశారట. "జవాబులొచ్చాయా?" అని అడిగాను. "పంపాం కదా" అన్నారు అవతలి నుంచి. పెళ్లికార్డు పోస్టు చేసి, వాళ్లొచ్చి భోంచేసి వెళ్లారని రాసుకున్నట్టు.

ఆ క్లయింట్ చిన్నవాళ్లు, పేరు అక్కర్లేదు. అంకె పెంచి రాస్తే ఏమవుతుందో తెలియాలంటే జర్మనీ ఉదాహరణ చాలు. డాయిష్ బ్యాంక్‌కు చెందిన ఫండ్ సంస్థ డీడబ్ల్యూఎస్, తన 2020 వార్షిక నివేదికలో 45,900 కోట్ల యూరోల ఆస్తులను ఈఎస్‌జీ పద్ధతిలో చూస్తున్నామని రాసింది. ఈఎస్‌జీ అంటే నేను పైన చెప్పిన మూడే, పర్యావరణం, సమాజం, యాజమాన్యం. అదంతా నిజం కాదని అక్కడ సస్టెయినబిలిటీ విభాగానికి అధిపతిగా పనిచేసిన డెజిరె ఫిక్స్‌లర్ బయటికొచ్చి చెప్పారు. మరుసటి ఏడాది నివేదికలో ఈఎస్‌జీ ఆస్తుల అంకె 11,500 కోట్ల యూరోలకు దిగింది. 2022 మే 31న పోలీసులు ఫ్రాంక్‌ఫర్ట్ ఆఫీసులో సోదా చేశారు, ఆ వెంటనే సీఈఓ దిగిపోయారు. అమెరికా నియంత్రణ సంస్థ 2023లో 1.9 కోట్ల డాలర్లు, ఫ్రాంక్‌ఫర్ట్ ప్రాసిక్యూటర్లు 2025లో 2.5 కోట్ల యూరోలు జరిమానా వేశారు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, అక్కడ ఎవరూ డబ్బు దొంగిలించలేదు. నివేదికలో రాసింది, ఆఫీసులో చేసింది ఒకటి కాదు. అంతే నేరం.

ఇదంతా దొరల గొడవ అనుకోకండి. మన దగ్గరా ఉంది. బీమా కంపెనీలకు 2017లో ఐఆర్‌డీఏఐ, పెన్షన్ ఫండ్లకు 2018లో పీఎఫ్‌ఆర్‌డీఏ, మ్యూచువల్ ఫండ్లకు 2019 డిసెంబరులో సెబీ, ఈ నియంత్రణ సంస్థలు మూడూ ‘స్టీవార్డ్‌షిప్ కోడ్’ పెట్టాయి. స్టీవార్డ్‌షిప్‌కు తెలుగు వెతుక్కోనక్కర్లేదు, గుడికి ధర్మకర్త ఎలాగో అలాగ. సొమ్ము దేవుడిది, చూసుకునేది వీళ్లు, పద్దు జనానికి చెప్పాలి. మీ నెలనెలా సిప్ డబ్బుతో ఫండ్ కొన్న షేర్లకు ఓటు హక్కుంటుంది. ఆ ఓటు ఎటు వేశారో చెప్పాలని సెబీ 2010లోనే అంది, ఎందుకు వేశారో కూడా రాయాలని 2014లో అంది, అసలు వేయకుండా ఊరుకోకూడదని 2021లో అంది. 2022 ఏప్రిల్ నుంచి కంపెనీ పెట్టే ప్రతి తీర్మానం మీదా మ్యూచువల్ ఫండ్ ఓటేయాల్సిందే.

ఆ పట్టిక ప్రతి ఫండ్ హౌస్ సైట్‌లోనూ ఉంటుంది. ఒక ఆదివారం, పిల్లవాడు నిద్రపోయాక, నేను సిప్ కడుతున్న ఫండ్‌ది దించుకుని తెరిచాను. సమావేశం తేదీ, కంపెనీ పేరు, తీర్మానం, యాజమాన్యం ఏం చేయమంది, ఫండ్ ఏం చేసింది, కారణం. వేల వరసలు. కారణం కాలమ్ ఎంచుకుని ఒకేలాంటివన్నీ ఒక దగ్గరికి చేర్చాను. ‘చట్టానికి లోబడి ఉంది, అభ్యంతరం లేదు’ అన్న వాక్యమే పేజీల కొద్దీ వచ్చింది. సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆ తెల్లటి గోడ మీద అక్కడక్కడా మరకలు: ఫలానా ప్రమోటర్ కొడుకు జీతం పెంపు, వ్యతిరేకం, ఫలానా ఆడిటర్ కొనసాగింపు, వ్యతిరేకం. మా ఫండ్ మేనేజర్ మీద నాకు గౌరవం మిగిలింది ఆ మరకల వల్లే. ఎవరి నివేదికైనా సరే, ‘వ్యతిరేకం’ అన్న వరసలు ముందు చదవండి. మిగతావి చదవకపోయినా నష్టం లేదు.

ఈఎస్‌జీ అని పేరు పెట్టుకున్న ఫండ్లకు సెబీ 2023 జులైలో ఇంకొంచెం బిగించింది. ఆరు రకాల వ్యూహాల్లో ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. కొన్ని రంగాలను దూరం పెడతాం అనడం ఒకటి, మారుతున్న కంపెనీలకు అండగా ఉంటాం అనడం ఇంకొకటి, ఇలా. వేసిన ఓటుకు ఈఎస్‌జీ కారణం ఉందో లేదో కూడా రాయాలి. బాగుంది. కానీ మదుపరి నివేదిక గాలిలో నిలబడదు కదా. అది కంపెనీ ఇచ్చిన నివేదిక మీద నిలబడుతుంది. స్టాక్ మార్కెట్‌లో విలువ ప్రకారం పై వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే బాధ్యత నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. అందులో తొమ్మిది సూత్రాలు. ఐదోది మానవ హక్కులు. దాని కింద ఒక చిన్న పట్టిక ఉంటుంది: లైంగిక వేధింపులు, వివక్ష, బాల కార్మికత, వెట్టి, వేతనాలు. ఒక్కోదానికి ఎదురుగా ఈ ఏడాది వచ్చిన ఫిర్యాదులెన్ని, పెండింగ్ ఎన్ని.

బాల కార్మికత వరసలో నేను ఇప్పటిదాకా ఏరిన కంపెనీలన్నింటికీ ఒకటే మాట. నిల్.

అబద్ధమని అనను. ఫిర్యాదు రాలేదు, నిల్ అని రాశారు. పదేళ్ల పిల్ల ఫిర్యాదు రాయదు. రాస్తే ఎవరికి పంపాలో దానికి తెలియదు. పంపడానికి ఆ పిల్ల ఏ కంపెనీకి పని చేస్తోందో కూడా దానికి తెలియదు, తెలిసింది పటేలు చేను అనే.

ఈ సంగతి నాకు తట్టింది నిల్ చూసినప్పుడు కాదు. ఒక క్లయింట్ విత్తన కంపెనీల మీద చిన్న నోట్ అడిగితే పాత కాగితాలు తిరగేస్తున్నాను. నార్వే వాళ్లది ఒక పత్రం దొరికింది. నార్వే తన సముద్రంలో దొరికిన చమురు డబ్బును రాబోయే తరాల కోసం ఒక ఫండ్‌లో వేస్తుంది. మొదటి జమ 1996లో. 2024 చివరికి అందులో 19.7 లక్షల కోట్ల క్రోనర్లు ఉన్నాయి. ప్రపంచంలో లిస్టయిన షేర్లన్నింటిలో సుమారు ఒకటిన్నర శాతం వాళ్లదే. దాన్ని నడిపేది వాళ్ల కేంద్ర బ్యాంకు, నార్గెస్ బ్యాంక్. 2004లో ఆ దేశం ఒక నైతిక మండలి పెట్టింది. ఫలానా కంపెనీలో మన డబ్బు ఉండకూడదని ఆ మండలి కారణాలతో సహా రాసి సిఫారసు చేసేది, తర్వాత దాన్ని జనం ముందు పెట్టేవాళ్లు. ఒడిశాలో నియమగిరి కొండ గనుల గొడవతో సహా పలు కారణాలు రాసి 2007లో వేదాంత కంపెనీని ఫండ్‌లోంచి తీసేసింది వీళ్లే.

నా చేతికొచ్చింది 2006 నవంబరు నాటి సిఫారసు. అమెరికా విత్తన కంపెనీ మోన్సాంటో గురించి. కారణం: భారతదేశంలో హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో బాల కార్మికులు. చదువుతూ ఉంటే ఆంధ్రప్రదేశ్ అని వచ్చింది. ఆ రోజుల్లో రాష్ట్రంలో ఈ సాగుకు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలే అడ్డా. మా గద్వాల అప్పుడు మహబూబ్‌నగర్‌లోదే. ఏసీ హాల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఓస్లోలో ఎవరో రాసిన ఇంగ్లీషులో, మా ఊరి చేను చదివాను.

తెలియనివాళ్లకు ఆ పని చెప్పాలి. మేం సీడ్ పత్తి అంటాం, చేసే పనిని క్రాసింగ్ అంటాం. చేలో ఆడ మొక్కలు వేరే, మగ మొక్కలు వేరే. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఆడ మొక్క మీద ఈ సాయంత్రమే పట్టుకోవాలి. గోటితో రేకులూ, లోపలి పుప్పొడి తిత్తులూ గిల్లేసి, నడుమ కాడ ఒక్కటి మిగల్చాలి. గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తొడగాలి. తెల్లారాక మగ పువ్వు కోసుకొచ్చి, ఆ కాడ కొసకు పుప్పొడి రుద్దాలి. మధ్యాహ్నానికి అయిపోవాలి, లేకపోతే పువ్వు పని చేయదు. సాయంత్రం మళ్లీ మొగ్గలు. ఇలా నెలల తరబడి, ఆదివారం లేదు, పండగ లేదు. ఒక్కో మొగ్గనూ మనిషి ముట్టాల్సిందే గనక ఎకరాకు కూలీలు ఎంతమందైనా చాలరు. చిన్న వేళ్లయితే నాజూకుగా గిల్లుతాయని అనేవాళ్లు. అది సాకు. అసలు మాట, చిన్నవాళ్లయితే తక్కువకొస్తారు, ఎదురు చెప్పరు.

అక్క ఐదో తరగతి తర్వాత బడి మానేసింది. నాకన్నా మూడేళ్లు పెద్ద. నన్ను బడికి పంపింది. ‘పంపింది’ అనడం సరైన మాటే, ఎందుకంటే మా నాన్న ఆ ఏడు సీజన్‌కు ముందే పటేలు దగ్గర అడ్వాన్సు తీసుకున్నది అక్క పేరు మీద.

నార్వే పత్రం వెనక మన హైదరాబాద్ పరిశోధకుడి చెమట ఉంది. దావులూరి వెంకటేశ్వర్లు ఏళ్ల తరబడి ఈ చేల మీద అధ్యయనాలు చేశారు. 2003లో వచ్చిన ఆయన నివేదిక ఆంధ్రప్రదేశ్ సీడ్ పత్తి చేలల్లో రెండు లక్షలకు పైగా పిల్లలున్నారని, వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలని లెక్క కట్టింది. 2005లో ఆయనా, లూసియా ద కోర్టా అనే ఆమె కలిసి ‘ది ప్రైస్ ఆఫ్ చైల్డ్‌హుడ్’ రాశారు. దాని సారం మా బావకు చెబితే "దీనికి పుస్తకం దేనికి, నన్నడిగితే జెప్తుంటి" అన్నాడు. కంపెనీ విత్తనాలకు ఇచ్చే రేటుతో పెద్దవాళ్ల కూలీ గిట్టదు, గిట్టదు కాబట్టి పిల్లలు. కంపెనీ పిల్లల్ని పెట్టుకోలేదు, నిజమే. పిల్లలు తప్ప ఇంకెవరూ దొరకని రేటు పెట్టింది.

ఆ అధ్యయనాలు, ఎంవీ ఫౌండేషన్ లాంటి సంస్థల ఒత్తిడి కలిసి పని చేశాయి. పిల్లల్ని పెట్టుకోని రైతుకు రేటు మీద 5 శాతం అదనంగా ఇస్తామని మోన్సాంటో, బేయర్ ఒప్పుకున్నాయి. చేల మీద తనిఖీలు మొదలయ్యాయి.

నార్వేలో కథ ఇంకోలా నడిచింది. మండలి ‘అమ్మేయండి’ అంది. బ్యాంకు ‘అమ్మితే ఆ షేరు సాయంత్రానికి ఇంకొకడు కొంటాడు, చేలో ఎవరికీ తెలియను కూడా తెలియదు, ఉండి మాట్లాడనివ్వండి’ అన్న దారి పట్టింది. నిర్ణయం తీసుకోవాల్సిన ఆర్థిక శాఖ ఆగింది. బ్యాంకు కంపెనీతో కూర్చుంది, పిల్లల హక్కుల విషయంలో కంపెనీల నుంచి ఏం ఆశిస్తున్నామో రాతలో పెట్టింది. మోన్సాంటోను ఫండ్‌లోంచి తీసేయడం లేదని 2008లో ప్రకటించారు. ఉండిపోవడం మంచిదా, వెళ్లిపోవడం మంచిదా అన్న తగువు అక్కడ ఇంకా తెగలేదు. నా మటుకు నాకు, ఉండిపోతాం అనే మదుపరుల్లో సగంమందికి అది వంక. కానీ ఈ కేసులో నన్ను ఆకట్టుకున్నది వేరే. ఆరోపణ పూర్తి పాఠం బయట పెట్టారు. సిఫారసును ఎందుకు పాటించలేదో కూడా బయట పెట్టారు. రెండూ పక్కపక్కన చదువుకుని, నాలాంటివాడు నానక్‌రామ్‌గూడలో కూర్చుని ఎవరిది ఒప్పో తేల్చుకోవచ్చు. ఇప్పుడు ఆ బ్యాంకు కంపెనీల సమావేశాలకు ఐదు రోజుల ముందే తన ఓటు ప్రకటిస్తుంది. నివేదిక అంటే ఇది. మిగతావి చాలావరకు శుభలేఖలు.

ఆ పత్రం సంగతి అక్కకు ఫోన్‌లో చెప్పాను. తెలుగు చేసుకుంటూ రెండు పేరాలు చదివాను. కాసేపు మాట్లాడలేదు.

"ఆ దేశం యాడుంది?"

"చాలా దూరం అక్కా. మంచు దేశం."

"ఆడోల్లకు మా చేను ఎట్ల దెలిసె?"

వాళ్ల చమురు డబ్బు ఫండ్‌లోకి, ఫండ్ డబ్బు అమెరికా కంపెనీ షేర్లలోకి, కంపెనీ నుంచి ఇక్కడి విత్తన కంపెనీకి, అక్కణ్ణుంచి ఆర్గనైజర్ అనే మధ్యవర్తికి, ఆర్గనైజర్ నుంచి పటేలుకు, పటేలు నుంచి నాన్నకు. వరసగా చెప్పుకొచ్చాను. చివర్లో ఎవరొచ్చారో తను అడగలేదు, నేను చెప్పలేదు.

"ఎర్ర కాయిదం సంగతి రాసిండ్రా?"

"అది రాయలేదు."

"పొద్దుగూకితే అవి లెక్కబెడుతుండె పటేలమ్మ. ఎవరియి ఎన్ని అని." ఆ తర్వాత బర్రెకు నీళ్లు పెట్టాలని ఫోన్ పెట్టేసింది.

పోయిన సెప్టెంబరులో ఊరికెళ్లాను. అక్కావాళ్లకిప్పుడు ఎకరంన్నర సీడ్ పత్తి. సీజన్ ఖర్చుకు ఆర్గనైజర్ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. మధ్యాహ్నం నాలుగు దాటాక చేలో ఆరుగురు ఆడకూలీలు, అందరూ పెద్దవాళ్లే, వంగి మొగ్గలు గిల్లుతున్నారు. నేనూ ఒక సాలు పట్టాను. ఇరవై ఏళ్ల తర్వాత. మొదటి మొగ్గకే కాడ తెగింది. రెండోదానికి తిత్తి ఒకటి లోపల మిగిలింది. అక్క వచ్చి చూసి నా చెయ్యి మీద కొట్టింది. "ఇట్ల ఉంచితే జీవోటీల పోతది."

జీవోటీ అంటే గ్రో అవుట్ టెస్ట్. విత్తనం తీసుకున్నాక కంపెనీ అందులోంచి నమూనా తీసి, నిజంగా భూమిలో నాటి, మొలిపించి, మొక్క ఎదిగాక చూస్తుంది, చెప్పిన జాతేనా కాదా అని. ఫెయిలయితే లాట్ మొత్తం పోయినట్టే. ఆ ఫలితం వచ్చేదాకా డబ్బులు చేతికి రావు. బావ ఇది చెబుతుంటే నాకు మా ప్రశ్నావళిలో చివరి భాగం గుర్తొచ్చింది, రాసింది ఎవరు సరిచూశారు అన్నది. మేం కాగితానికి ఇంకో కాగితం జతపరిచామో లేదో చూస్తారు. బీఆర్‌ఎస్‌ఆర్‌లో కొన్ని ముఖ్యాంశాలను బయటివాళ్లతో సరిచూపించాలని 2023లో సెబీ పెట్టింది, పై 150 కంపెనీలతో మొదలుపెట్టి. నీళ్లు, కరెంటు, పొగ, చెత్త, ఆడవాళ్లకు ఇచ్చిన వేతనాలు ఉన్నాయి. బాల కార్మికత పట్టిక ఆ ముఖ్యాంశాల్లో లేదు. విత్తనాన్ని నాటి చూస్తారు. నిల్‌ను ఎవరూ నాటి చూడరు.

"కంపెనీ మనిషి వస్తడా?" అని అడిగాను.

"వస్తడు. రిజిస్టర్ల కూలోల్ల పేర్లు, వయసు రాసుకుంటడు. ఫోటో దిగుమంటడు." బావ నవ్వాడు. "పదకొండింటికి వస్తడు. మంచి పిల్లగాడే. పాపం ఒక్కనికే ముప్పై ఊర్లు."

మునుపటిలా కాదు, అది నిజం. కూలికి పిల్లల్ని తెచ్చే ఆటోలు మా వైపు ఇప్పుడు నా కంటబడలేదు. బడులున్నాయి, హాస్టళ్లున్నాయి, కూలి రేట్లు పెరిగాయి. నార్వే వాళ్ల ఉత్తరాలకు ఇందులో వాటా ఎంత అంటే ఎవరూ తూచలేరు. నివేదికల్లో మాత్రం అందరూ తూచి రాసుకుంటారు.

పొద్దు వాలుతుండగా గట్టు మీద సైకిల్ చప్పుడైంది. అక్క కూతురు, ఎనిమిదో తరగతి. సైకిల్ చెట్టుకు ఆనించి, బ్యాగు దాని హ్యాండిల్‌కు తగిలించి, నా వైపు చూసి "ఎప్పుడొచ్చినవ్ మామా?" అని నవ్వి, యూనిఫామ్ మీద తల్లి పాత చొక్కా ఒకటి తొడుక్కుంది. చేలోకి దిగింది. రెండు వేళ్లు, ఒక తిప్పు, రేకులు కింద. ఎర్ర కాగితం. పక్క మొగ్గ. నేను ఒకటి చెడగొట్టే లోపల తను పది చేసింది.

అక్క నా ముఖం చూసింది. "ఒక్క గంటనే. రోజు గాదు. ఇయ్యాల కూలోల్లు ఇద్దరు రాలె."

నేనేమీ అనలేదు. 2016లో సవరించిన చట్టం ప్రకారం బడి వేళలయ్యాక, సెలవుల్లో, పిల్లలు సొంత ఇంటి పనిలో చెయ్యి వేయొచ్చు, ప్రమాదం లేని పనయితే. నిన్న మందు కొట్టిన చేను అందులోకి వస్తుందా రాదా అన్నది లాయర్లు చెప్పాలి. కంపెనీ పిల్లగాడు పదకొండింటికే వచ్చి వెళ్లిపోయాడు. కూలీలు చెంగులు దులుపుకుని ఇళ్లదారి పట్టారు. ఇంకా రెండు సాళ్లు మిగిలాయి.

"మామా, కనబడ్తలేదు" అంది పిల్ల, మొగ్గ మీంచి చూపు తిప్పకుండానే. "నీ ఫోన్ లైట్ వెయ్యరాదు?"

వేశాను. మొగ్గ మీద పడేలా పట్టుకుని, తన వెనకే సాలు వెంబడి నడిచాను.